మా బావ ఒంటిచేత్తో నడిపిన ఇంటిబడి

మా బావ వర్జిల్ లైకర్ పని కోతమిషన్లు బాగుచేయడం. దాని మీద వేయాల్సిన జోకులన్నీ మా ఊళ్ళో ఎప్పుడో వేసేశారు. మాటలు కోటలు దాటుతాయని తెలిసినా, ఈస్టరు ముందు వచ్చే తపస్కాలం శుక్రవారాల్లో గుడి వెనక చేపలు వేయించేటప్పుడు ఆయన పక్కన నిలబడాలని అందరికీ ఉంటుంది. మాంసం ఎలాగూ లేదు, బీరు మానేస్తామని మొక్కుకున్నాం, ఇంక మిగిలిన సరదా ఆయనొక్కడే.

మాది కాన్సాస్‌లో నోయ్‌ఫెల్డ్, పునీత వాల్బుర్గమ్మ గుడి పారిష్. గుడి హాలు వెనక రేకుల పంచలో మూడు పెద్ద మూకుళ్ళు పెడతాం. చేప ముక్కలకి పిండి పట్టించేది నేను, వేయించేది బావ, బంగాళాదుంపలు చూసేది ఎల్డన్ బాబాయి. కిటికీ అవతల వంటగదిలో మా అక్క రోజలిండ్ పళ్ళేల్లో క్యాబేజీ సర్దుతోంది. వర్జిల్ పెళ్ళాం అంటే ఆవిడే. పిల్లలు పదకొండుమంది. పెద్దది బెనెడెట్టాకి పదహారేళ్ళు, ఆఖరివాడు ఆంబ్రోస్‌కి ఎనిమిది నెలలు. ఎవరూ బడికి వెళ్ళరు. అందరికీ అక్కే ఇంట్లో చదువు చెబుతుంది.

ఆ వారమే అక్క నాతో ఒక మాటంది. మంగళవారం, గురువారం పొద్దుట లెక్కలైనా మీ బావ చెబితే నాకు ఊపిరాడుతుందిరా, అడిగితే నవ్వేసి మిషన్ల దగ్గరికి పోతున్నాడు, ఇలాగైతే వచ్చే ఏడు పెద్దపిల్లల్ని బడిలో వేసేస్తాను అని. అక్క నోట ఆ మాట రావడం అదే మొదలు. అందుకని నేనే కదిపాను, బావా, రెండు పూటలు లెక్కలు చెప్పొచ్చుగా, అని.

అంతే, తగులుకున్నాడు.

"లెక్కలదేముందోయ్ క్లెమెంటూ. ఫిబ్రవరిలో మీ అమ్మ కంటి ఆపరేషనని మీ అక్క సలీనా ఆసుపత్రికి వెళ్ళిందా, ఆ రోజు బడంతా నేనే నడిపా. ఒంటిచేత్తో. మాటవరసకి కాదు, రెండో చేతిలో చంటాడున్నాడు. మీ అక్క నాలుగు పేజీలు రాసి ఫ్రిజ్జుకి అంటించి పోయింది, ఏ గంటకి ఎవరేం చదవాలి, ఎవరికి పాలు పడవు, ఎవరి పక్కన ఎవరు కూచుంటే కొట్టుకుంటారు, ఇంత చాంతాడు. నేను చదవలేదు. మిషను బాగుచేసేవాడు పుస్తకం చూస్తాడా? చప్పుడు వింటాడు. నేనూ కాసేపు పిల్లల చప్పుడు విన్నా, ఎక్కడ బిగించాలో తెలిసిపోయింది. ఎనిమిదింటికి పొద్దుటి జపం అయింది, జావ తాగడం అయింది, ఎనిమిదీ పదికి అందరూ పుస్తకాలు తెరుచుకుని బల్ల చుట్టూ కూచున్నారు."

"ఎనిమిదీ పదికా," అన్నాడు ఎల్డన్ బాబాయి. ఆయన ఆరుగురిని పెంచినవాడు. "సరే, పోనీ."

"పోనీ ఏమిటి బాబాయ్, విను. భిన్నాలు ఎత్తుకున్నా. నోటితో చెబితే ఎక్కవు, అట్లు పోశా. అట్టుని మూడు చెయ్యి, ఏడు చెయ్యి, ఏడులో మూడు తిను, మిగిలింది ఎంతో చెప్పు. అరవై ఆరు అట్లు పోశా, తొమ్మిది కొట్టేసరికి భిన్నాలు అయిపోయాయి. ఆరేళ్ళ జీటా ఉందే, అది లెక్కల పుస్తకం నూట నాలుగో పేజీలో తప్పు పట్టింది. పట్టి ఊరుకుందా, అచ్చువేసినవాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళు అమ్మా నీకు దణ్ణం పెడతాం, ఇంకెవరికీ చెప్పకు, వచ్చే పుస్తకం నువ్వే దిద్దిపెట్టు అని బతిమాలుకున్నారు. పాలపళ్ళు ఊడుతున్నాయి, తీరిక లేదని చెప్పి పెట్టేసింది."

నాకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. నవ్వితే ఆయన వేగం పెంచుతాడు.

"ఆ తర్వాత లాటిను. నాకు లాటిను రాదు, పూజలో వచ్చే నాలుగు ముక్కలు తప్ప. రాకపోతేనే మంచిది, వచ్చినవాడికి తొందరెక్కువ. పదిన్నరకల్లా పిల్లల్లో పెర్పెటువా, బ్లేజూ ఒకే కుర్చీ కోసం లాటినులో తిట్టుకుంటున్నారు. ఒకళ్ళ తిట్టులో వ్యాకరణం తప్పితే రెండోవాళ్ళు దిద్ది, దిద్దిన తిట్టునే తిరిగి తిడుతున్నారు. నా చెయ్యి మీదున్న ఆంబ్రోస్, ఎనిమిది నెలలు కూడా నిండనివాడు, అది విని విని నోరు తెరిచి మొట్టమొదటి మాట అన్నాడు. ఏమన్నాడో తెలుసా? ఆమెన్ అన్నాడు."

"అది లాటిను కాదు బావా, హీబ్రూ."

"చూశావా మరి. ఒక భాష నేర్పితే రెండోది వచ్చింది."

ఎల్డన్ బాబాయి దుంపలు తిరగేస్తూ, వీడిని పోపుగారి కొలువులో పెట్టాల్సింది, ఇక్కడ చేపలు మాడుస్తున్నాడు అని నాతో అన్నాడు. బావ అది పొగడ్త కింద వేసుకున్నాడు.

"అప్పుడు తలుపు కొట్టారు. జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ, చంకలో ఫైలు. ఎవరో పుల్ల పెట్టారట, ఈ ఇంట్లో పదకొండుమంది పిల్లలకి అఆలు కూడా రావని. కూచోమన్నా. కూచుందో లేదో, జీటా సత్యోపదేశం పుస్తకం తీసి, దేవుడు మిమ్మల్ని ఎందుకు సృష్టించాడో చెప్పండి అంది. ఆవిడ ఫైలంతా తిరగేసింది. పాతికేళ్ళు ఉద్యోగం చేసింది గాని ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదట. జీటా జాలిపడి ఒక బల్లా, పెన్సిలూ ఇచ్చింది. మధ్యాహ్నానికి ఆవిడ నా పన్నెండో విద్యార్థి. పదాలు రాయమంటే మూడు తప్పులు రాసింది, బ్లేజ్ మూల నిలబెట్టాడు, బుద్ధిగా నిలబడింది. పోయేటప్పుడు కళ్ళు తుడుచుకుని, జ్ఞానస్నానానికి ఫాదర్‌గారిని ఏ వేళప్పుడు కలవాలి అని అడిగింది."

"ఆవిడ పేరేమిటి?" అన్నాను.

"పేరు నేనడగలేదు. జ్ఞానస్నానంలో ఎలాగూ మారిపోయేదేగా."

అప్పటికి వరసలో నిలబడ్డ జనం పంచలోకి కూడా వచ్చేశారు. నలుగురు చేరితే బావకి ఎక్కడలేని బలం వస్తుంది. చిల్లుల గరిటె ఎత్తి పట్టుకుని, అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు అన్నాడు.

"మధ్యాహ్నం ఉతికిన బట్టలు. మేజోళ్ళు నూట నలభై ఆరు ఉన్నాయి. ప్రతిదానికీ జత దొరికింది. ఒక్కటీ మిగల్లేదు."

అక్కడ ఎల్డన్ బాబాయి గరిటె కింద పెట్టేశాడు. జిల్లా ఆవిడ మతం మారడం నేను ఒప్పుకున్నాను, అట్టు తిని ఆరేళ్ళది పుస్తకాలు దిద్దడమూ ఒప్పుకున్నాను, పదకొండుమంది ఇంట్లో మేజోళ్ళన్నీ జత కుదిరాయంటే మాత్రం ఒప్పుకోను, తపస్కాలంలో వినడమే పాపం అన్నాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు కూడా అవునన్నారు. బావకి కాస్త చిన్నతనమైంది. రెండు మిగిలాయేమోలే అని తగ్గి, ఆ తగ్గినదానికి పదింతలు వడ్డీతో లేచాడు.

"సరే, పిల్లలకి గాలి తగలాలని పదిహేను సీట్ల వ్యానులో ఎక్కించా. దారిలో గాలిదుమారం. మన గాలి మీకు తెలుసుగా, దానికి రోడ్డు అడ్డం కాదు. వ్యాను ముందు రెండు చక్రాలు లేచాయి, తర్వాత వెనకవి లేచాయి. పిల్లలు భయపడ్డారా? జపమాలలు తీశారు. మంగళవారం కదా, జపమాలలో దుఃఖ రహస్యాల వంతు, మొత్తం ఐదు. మొదటి రహస్యానికి ధాన్యం గోదాము మీదున్నాం, రెండోదానికి గుడి గంటకి సమానంగా ఉన్నాం, మూడోదానికి నీ కొట్టం మీదుగా పోయాం బాబాయ్, పడమర వైపు రేకు ఊడింది, చెప్పడం మరిచా. నాలుగోదానికి దిగడం మొదలైంది. నేను స్టీరింగు కూడా ముట్టుకోలేదు. ఐదో రహస్యం ఆమెన్ అనేసరికి వ్యాను మా ఇంటి ముందు, రోజూ నిలిపే చోట, గీతకి గీత సరిగ్గా వాలింది. లోపల ఎవరి గ్లాసులో పాలూ తొణకలేదు."

"ఆ రేకు ఊడి ఆరేళ్ళయింది," అన్నాడు బాబాయి.

"పై నుంచి చూస్తే కొత్తగానే కనిపించింది. తర్వాతేమైందో తెలుసా? సాయంత్రం బిషప్‌గారి ఫోను. గాలిలో జపమాల వినిపించిందట ఆయనకి. లైకర్‌గారూ, మీరొచ్చి ఫాదర్లు కాబోయే మా గురువిద్యార్థులకి ఒక్క నెల చదువు చెప్పండి అన్నారు. చూద్దాం, కోతల కాలం దాటనివ్వండి అన్నా."

జనం నవ్వారు. బావ కూడా నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. పొగిడినకొద్దీ ఒక మెట్టు ఎక్కువెక్కడం ఆయనకి అలవాటు.

"నాలుగున్నరకి అన్నీ అయిపోయి కాళ్ళు బారజాపుకుని కూచున్నా. మీ అక్క వచ్చింది, ఇల్లు చూసింది, గుమ్మంలోనే నిలబడిపోయింది. నేనన్నా, ఇదేం పనే, దీనికోసమా పదేళ్ళ పైచిలుకు ఇంత ఆయాసపడుతున్నావు? నేను తలుచుకుంటే మధ్యాహ్నానికి ముగించి ఒక కునుకు తీస్తా. అందుకే క్లెమెంటూ, లెక్కలకి మళ్ళీ ఇంకొకళ్ళెందుకు? నువ్వూ చెప్పు మీ అక్కకి."

కిటికీ అవతల పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. అక్క వింది. నేను ముక్కలకి పిండి పట్టిస్తూనే ఉన్నాను, చేతికి పిండి, ముఖానికి పిండి.

వరస ముందుకు ఒక ముసలావిడ ట్రే పట్టుకుని వచ్చింది. ఒడీలియా టీచరమ్మ. ఊరి బడిలో నలభై ఏళ్ళు మూడో తరగతి చెప్పింది, నాకూ చెప్పింది, బావకీ చెప్పింది. ఇప్పుడు ఎనభై ఒకటి. బావ వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. అంచులు బాగా వేగిన ముక్క వెయ్యమని అడుగుతుందేమో అనుకున్నాం.

"వర్జిల్," అంది. "నువ్వు నాకు ఫోన్ చేసింది తొమ్మిదీ ఇరవైకి."

గరిటె నూనెలోనే ఆగింది. "ఎప్పుడు టీచరమ్మా?"

"ఆ రోజే. ఎక్కడి నుంచి చేశావో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

బావ మూకుడులోకి చూశాడు. సరే అని టీచరమ్మే చెప్పింది. గొంతు పెంచలేదు, మూడో తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పింది. బావ సామాన్ల గదిలో దూరి, లోపల గడియ పెట్టుకుని, గుసగుసగా మాట్లాడుతుంటే ఇంట్లో దొంగలు పడ్డారనుకుందట. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నడిచి వెళ్ళిందట. తీరా చూస్తే బెనెడెట్టా, వాళ్ళమ్మ రాసిపెట్టిన కాగితం చూసి అందరికీ పని పంచేసి, చిన్నవాళ్ళ చేత చదివిస్తోంది. ఇంట్లో కనిపించనిది తండ్రొక్కడే. ఎక్కడమ్మా అని జీటాని అడిగితే, నాన్న పిండి బస్తాల దగ్గర ప్రార్థన చేసుకుంటున్నాడు అందట.

"తలుపు కొట్టి తీయించాను. పిండి బస్తా మీద కూచుని ఉన్నాడు. పిల్లల్ని ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిమందే వస్తున్నారు టీచరమ్మా, ఒకళ్ళని ఎక్కడో పోగొట్టాను అని ఏడుస్తున్నాడు. పదకొండోవాడు వీడి భుజం మీదే నిద్రపోతున్నాడు."

ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఎల్డన్ బాబాయి మాత్రం అటు తిరిగి దుంపల మీద వంగాడు, భుజాలు కదులుతున్నాయి.

"ఇది ఎవరికీ చెప్పనని మాటిచ్చాను," అంది టీచరమ్మ. "ఆరు వారాలు నిలబెట్టుకున్నాను. నువ్వు ఎగిరినా, బిషప్‌గారి విద్యార్థులకి పాఠం చెప్పినా నాకు పట్టలేదు. ఇదేం పని అన్నావు చూడు, అక్కడితో నా మాట చెల్లిపోయింది. ఆ బస్తా మీద కూచుని నువ్వు నాతో ఏమన్నావు? టీచరమ్మా, ఇది రోజలిండ్ రోజూ ఎలా చేస్తోంది అన్నావా, లేదా?"

వంటగది తలుపు తీసుకుని అక్క బయటికి వచ్చింది. బావ వైపు కాదు, టీచరమ్మ వైపు చూసింది.

"ఆ మాటన్నాడా?"

"రెండుసార్లు."

అక్క చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. చేతులు తడిగా లేవు. వరసలో ఉన్న జనం ఆకలి సంగతి మరిచిపోయారు.

"నాతో ఎందుకు అనలేదు?" అంది బావని.

బావ అటూ ఇటూ చూశాడు. ఏదో ఒక కథ ఎత్తుకుంటాడనే అనుకున్నాను, నోరు కూడా తెరిచాడు. కానీ చాలా చిన్నగా వచ్చింది మాట.

"చెబితే నమ్మవనుకున్నా."

అక్క ఆయన చేతిలో గరిటె తీసుకుని, మాడిపోతున్న నాలుగు ముక్కలు పైకి తీసి జాలీలో వేసింది. గరిటె తిరిగి చేతికిచ్చింది.

"మంగళవారం ఎనిమిదింటికి లెక్కలు మొదలుపెట్టు," అంది. "అప్పుడు నమ్ముతా."