జేబులో మిగిలిన ఓటు

సభకు అధ్యక్షత వహించిన మేయరు గారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా ఉన్న మిత్రులకీ, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డ ఆటగాళ్ళకీ, ముందు వరసలో ఎడమవైపు కూర్చున్న మా అక్కయ్యకీ, కుడివైపు కూర్చున్న మా బావమరిదికీ, వాళ్ళిద్దరి మధ్యా ఎటూ మొగ్గలేక నిటారుగా కూర్చున్న మా ఆవిడకీ నమస్కారాలు. (నవ్వులు)

మీరంతా నా మీద ప్రేమతో వచ్చారనుకునేంత అమాయకుణ్ణి కాను. స్టేడియం స్థల నిర్ణయ సంఘానికి అధ్యక్షుడిగా ఇవాళ నాకు ఆఖరి రోజు. ఈ పాత స్టేడియం పడగొట్టి ఇక్కడే కొత్తది కట్టాలా, లేక ఊరి బయట బయళ్ళలో కట్టి ఈ స్థలాన్ని దుకాణాలకు ఇచ్చెయ్యాలా అన్న విషయంలో సభ్యులు సరిగ్గా చెరి సగమై కూర్చున్నారు. మిగిలింది నా ఓటు. ఈ మైకు వదిలేలోపు అది వెయ్యాలి. అందుకే కదా నా మొహంలోకి అంత ఆపేక్షగా చూస్తున్నారు! చెప్తాను, కంగారు పడకండి. ఇన్నేళ్ళూ మీరు మాట్లాడితే నేను విన్నాను. ఇవాళ మైకు నా చేతికి చిక్కింది. (చప్పట్లు)

ముందుగా ఈ మైదానం కట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళకో దండం. దిక్కులు చూసుకోకుండా కట్టేశారు. సాయంత్రం ఆటలో తూర్పు గోలు దగ్గర నిలబడ్డవాడికి ఎండ సూటిగా కళ్ళల్లో కొడుతుంది. టాస్ గెలిస్తే మనవాళ్ళు చేసే మొదటి పని, రెండో సగంలో పరాయి ఊరి గోల్‌కీపర్ని ఆ ఎండలో నిలబెట్టడం. ఇంజినీరు గారు పాపం, కొత్త మైదానాన్ని ఉత్తర దక్షిణాలకు తిప్పుదామని బొమ్మ గీసుకొచ్చారు. అప్పుడు మన జట్టు కెప్టెన్ లేచి ఏమన్నాడో తెలుసా? "అయ్యా, ఎండ కూడా తీసేస్తే మేం ఎవర్ని నమ్ముకుని ఆడాలి?" (నవ్వులు, ఈలలు) అదుగో, ఆ స్తంభం వెనక దాక్కున్నాడు చూడండి.

ఇక మా ఇంటి యుద్ధం సంగతి. ఊరి బయటే కట్టాలన్న పక్షానికి నాయకుడు మా బావమరిది. ఎముకల డాక్టరు, ఆస్పత్రి ఈ పడమటి గోడకు ఆనుకునే ఉంది. మ్యాచ్ రోజున అంబులెన్సు లోపలికి రాలేక వీధి మొదట్లో అరుస్తూ నిలబడుతుంది. అతను అరిచాడంటే అర్థం ఉంది. ఇక్కడే ఉండాలన్న పక్షానికి నాయకురాలు మా అక్కయ్య. ఈ ఊరి జట్టు తొడిగే జెర్సీలన్నీ ఆవిడ మిషను మీద కుట్టినవే. ఆ మిషను ఆపి మరీ మీటింగులకు వచ్చేది. రెండు పక్షాలూ సాయంత్రాలు మా ఇంట్లోనే కాఫీ తాగుతూ నన్ను చెరోవైపు లాగేవి. నేను చక్కెర డబ్బా వెతుకుతున్నట్టు వంటింట్లోనే ఉండిపోయేవాణ్ణి.

చివరికి ఒక ఉపాయం చేశాను. ఆఖరి సమావేశం ఆ ఊరి బయటి స్థలంలోనే పెట్టి, సొంత బండి లేకుండా రమ్మన్నాను. మా బావమరిది బస్సు మారి, ఇంకో బస్సు తప్పిపోయి, చివరికి పాలవ్యాను వెనకాల క్యాన్ల మధ్య నిలబడి వచ్చాడు. దిగుతూనే, "బావా, ఇక్కడికి బస్సులు తర్వాత వేస్తార్లే" అన్నాడు, పాలు ఒలికిన చొక్కా పిండుకుంటూ. (పెద్దగా నవ్వులు)

అక్కయ్య మాత్రం అందరికంటే ముందే వచ్చింది. చెప్పులు విప్పేసి గడ్డిలో చిన్నపిల్లలా నడుస్తోంది. "ఎంత గాలిరా ఇక్కడ! వీళ్ళు చెప్పింది నిజమే" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "అయితే ఓటు మార్చుకుంటావా?" అన్నాను. "గాలి బాగుందన్నాను, అంతే. ఇక్కడ ఆడితే ఎవరికి వినపడుతుందిరా?" అంది.

ఆ మాటకు మా పాత మేడ గుర్తొచ్చింది. మా చిన్నప్పటి ఇల్లు, ఇప్పుడు అక్కయ్య ఉంటున్నది, ఈ తూర్పు గ్యాలరీ వెనకే. ఆడపిల్లకు ఆటలేమిటని నాన్న అక్కయ్యను గేటు దాటనివ్వలేదు. టికెట్టు నాకొక్కడికే. ఆట అవగానే గెలుపు కబురు చెప్దామని పరిగెత్తుకుంటూ వెళ్ళేవాణ్ణి. మేడ మీద బట్టలు ఆరేస్తూ అక్కయ్యే ముందు స్కోరు చెప్పేసేది! మనవాళ్ళు గోలు కొడితే బల్లలు మోగేవట. అవతలివాళ్ళు కొడితే ముందు చడీచప్పుడూ ఉండేది కాదట, ఆ తర్వాత రిఫరీకి తిట్లు మొదలయ్యేవట. నాకు ఒళ్ళు మండిపోయేది. తను మొదటిసారి ఈ గేటు లోపలికి వచ్చింది జెర్సీల మూట నెత్తిన పెట్టుకునే. అక్కయ్యా, అన్ని ఆటలూ నువ్వు గోడవతల నిలబడే చూశావు. నేను లోపల కూర్చుని... మేయరు గారూ, ఆ మంచినీళ్ళు ఇలా ఇస్తారా?

కార్యదర్శి గారూ, రాసుకోండి. ఆట టికెట్టు కొన్నవాళ్ళ సొత్తు కాదు. కొనలేనివాళ్ళకీ, మంచం దిగలేనివాళ్ళకీ, ఇల్లు కదిలే వీల్లేనివాళ్ళకీ అది వినపడాలి. నా ఓటు ఇక్కడికే! (చప్పట్లు, బల్లల మోత)

ఆగండి, ఇంకా ఉంది. కెప్టెన్ గారూ, ఈల ఆపండి. మైదానం తిరుగుతుంది. ఎండ సాయం లేకుండా గెలవడం రేపటి నుంచి సాధన చెయ్యండి. రెండోది, పడమటి గ్యాలరీని వెనక్కి జరిపి అంబులెన్సుకు దారి వదలాలి. అది వదలకపోతే నా ఓటు లేదు. సీట్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. అక్కయ్యా, మొహం అలా ముడుచుకోకు. లోపల చోటు దొరకనివాళ్ళు నీ మేడ ఎక్కుతారు, ఎలా వినాలో నేర్పుదువుగాని.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. తిట్టినవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ, వాళ్ళు మీటింగులకు క్రమం తప్పకుండా వచ్చారు. నేనివాళ మా బావమరిది కారులో వచ్చాను. ఎక్కేటప్పుడు తలుపు తీసి పట్టుకుని మరీ కూర్చోబెట్టాడు. ఇప్పుడు చూస్తే తాళాలు ఆడిస్తూ లేచి నిలబడ్డాడు, మా ఆవిడ కూడా తమ్ముడి వెనకే లేచింది. వెళ్ళండి, క్షేమంగా వెళ్ళండి. ఈ స్థలంలో ఉన్న గొప్ప సుఖం ఇదే, ఎవరూ ఎక్కించుకోకపోయినా నడిచి ఇంటికి పోవచ్చు. అక్కయ్యా, చెప్పులేసుకో. మనం పోదాం. అందరికీ సెలవు.