హస్తవాసి కాదు, రెండు చుక్కల నీళ్లు

"అవ్వా, ఈ పొద్దు ల్యాబులో మా సారు నాది మంచి హస్తవాసి అన్నాడు. ఆ రియాక్షను నేను చేస్తేనే కుదురుతా ఉండాదంట. ఆయప్ప రాసే రీసర్చి పేపర్లో కూడా ఆ మాట పెడతాడంట."

యాడ పెడతాడంట? పైన పేర్ల కాడనా, అడుగున కృతజ్ఞతల్లోనా?

అడుగునేనా? అనుకున్నా. ఇట్ల కూసో లావణ్యా. ఆ సెల్లు పక్కన పెట్టు... లేదులే, రికార్డు చేసుకో, మంచిదే.

హస్తవాసి అని ఎవురికంటారు? సూదేసే డాక్టరుకంటారు, ఊరగాయ కలిపే ఆడోళ్లకంటారు. మా అమ్మకీ అనేవోళ్లు. మామిడికాయల కాలమొస్తే చిత్తూరులో మా వీధంతా ఆమెను పిలిచేది. ఆమె జాడీని మూడు దినాలు ఎండబెట్టేది, తడి చెయ్యి తగిలితే మమ్మల్ని వాయించేది. అది ఎవురూ చూడలా. హస్తవాసి అనేసి గమ్మునుండిరి. సరే, ఆమె కత మల్ల చెప్తా.

నేను తిరుపతిలో రీసర్చికి చేరిన కొత్తలు. అర్ధ రూపాయికి రెండిడ్లీలు తిని పొద్దుగూకులూ ల్యాబులోనే. మా పని పల్లాడియం అనే లోహంతో, కార్బనుకూ కార్బనుకూ చేతులు కలిపించే పని. క్లాసులో పిల్లోళ్లకి నేనెట్ల చెప్పేదాన్నంటే, ఆ లోహం పెండ్లిళ్ల పేరయ్య మాదిరి. రెండు పక్కలోళ్లనీ కలుపుతాడు, అక్షింతలు పడినాక ఇంకో ఇంటికి పోతాడు. ఆయప్ప మాత్రం ఏం మారడు. అదే ఉత్ప్రేరకం. నీకు తెలిసిందేలే, అలవాటు పోలా నాకు.

మా ల్యాబులో అంతా మడి యవ్వారం. గాలి తగలకూడదు, తడి తగలకూడదు. నాకు పైన సీనియర్లు ఇద్దరు. గాజు సామాన్లనీ, అందులో వేసే కార్బొనేటు ఉప్పునీ ఓవెన్లో పెట్టి మాడ్చి మాడ్చి వాడేవోళ్లు. వాళ్లకు కుదర్లా. నాకు కుదిరె. నాలుగు సార్లు చేస్తే నాలుగు సార్లూ కుదిరె. మా సారు నవ్వి, "ఈయమ్మది హస్తవాసప్పా" అన్నాడు. నాకూ కుశాలేసింది, అబద్ధమెందుకు చెప్పాల? మీ తాతకు జాబు కూడా రాసినా... కాదు కాదు, అప్పటికింకా పెండ్లి కాలా, మా నాయనకు రాసినా.

అయిదోసారి కుదర్లా. ఆ దినం ఉప్పు కొత్త డబ్బా తెరిచినా. అంతకు ముందు డబ్బాకి నేను మూత సరిగ్గా పెట్టలా, నా తప్పే. వానాకాలం, వంటింట్లో ఉప్పు మాదిరి చెమ్మగిల్లి గడ్డ కట్టింది. ఆ గడ్డనే ఓవెన్లో పెట్టకుండా నలిపి వేస్తా ఉంటిని. అప్పుడు తట్టింది. పాత ఉప్పు ఎండబెట్టి చేసినా, కుదర్లా. కొత్త ఉప్పులో ఒక చుక్క నీళ్లేసినా, రవ్వంత కుదిరె. రెండు చుక్కలకు నిండుగా కుదిరె. అయిదుకి చెడె. రెండు నెలలు అదే పని. అంతా నోటుబుక్కులో రాసి సారు ముందర పెట్టినా.

పేపరు అచ్చయి వచ్చింది. రెండు చుక్కల నీళ్లుండాయి, నేను లేను. పైన సారు పేరు, సీనియర్లిద్దరి పేర్లు. అడుగున ఒక వరస, నా నేర్పైన చేతులకు కృతజ్ఞతలని. పోయి అడిగితే, "ఎందుకమ్మా బాధ, నీది హస్తవాసి కదా, ఇంకొకటి చేస్తావులే" అన్నాడు. చెడ్డోడు కాదు మే ఆయప్ప. నాకు జ్వరమొస్తే వాళ్లింటి నించి గంజి పంపినాడు. అందుకే నాకు ఇంగా జాస్తి మండేది.

హస్తవాసి అంటే ఏంది? నీ చెయ్యి చేసింది, నీ తలకాయ ఏం చెయ్యలా అని. అది పొగడ్త కాదు.

"మరి మల్ల అడగలేదా అవ్వా?"

అడగలా. ఆ తరవాత కాలేజీలో చేరి, ముప్పై ఏండ్లు పాఠం చెప్పినా. ఒక దినం ఒక పాప లేచి, "ఈ రెండు చుక్కల సంగతి ఎవురు కనుక్కున్నారు మేడం?" అనింది. నేను పేపరు తీసి పేర్లు చదివినా. మూడు పేర్లూ. నా నోటితోనే.

నీకే ఎందుకు కుదురుతా ఉండాదో కనుక్కోని బుక్కులో రాసినావు కదా, తేదీలేసి? రేపు ఎత్తుకోని పో. గొంతు పెంచాకు. "సార్, ఇది నేను కనుక్కున్నా, నా పేరు పైన రావాల" అను. కోప్పడితే కోప్పడనీ, పేజీ తిప్పి చూపించు.

పో తల్లీ, పోయి పండుకో. నీ చెయ్యి చల్లగుండ... ఛీ, నా నోట్లోనూ అదే వచ్చె సూడు. చెయ్యి కాదు. నీ పేరు చల్లగుండాల.