పాదాల కింది బట్ట

కుమాసీ ఊళ్లో ఒక పెద్ద హాలు వెనక, బట్టలు మార్చుకునే ఇరుకు గది. పిల్లల ఆసుపత్రి కోసం తాను కుట్టిన గౌన్లు ఇంకాసేపట్లో వేలానికి వెళ్తాయనగా, బిరాగో నోట్లో గుండుసూదులు పెట్టుకుని, గౌను తొడుక్కున్న పిల్ల కొనాదు ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు సరిచేస్తోంది. పెద్దమ్మ దూఫియే తలుపు తోసుకొచ్చి, నల్లబట్టలో, గది మధ్య నిలబడి ఉంది.

"ఎక్కడిదని అడుగుతున్నా."

"నోట్లో సూదులున్నాయి పెద్దమ్మా."

"తీసి చెప్పు. ఈ పిల్ల ఒంటిమీదున్న బట్ట ఎక్కడిది?"

"దానంగా వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు పెట్టెల్లో దాచుకున్న పాతబట్టలిస్తున్నారు, నేను గౌన్లు కుడుతున్నా, వేలం వేస్తున్నాం. రేడియోలో కూడా చెప్పారుగా. కొనాదూ, ఊపిరి బిగబట్టు."

"పొద్దుట్నుంచీ బిగబట్టే ఉన్నానక్కా."

"ఎవరిచ్చారు?"

"ఎవరో ఇచ్చారు."

"ఆ ఎవరోకి పేరుండదా?"

"చెప్పొద్దన్నారు. కూర్చో పెద్దమ్మా, ఆ స్టూలు లాక్కో. చెమట ధారలు కడుతోంది నీకు. ఆ నల్లబట్ట కాస్త వదులు చేసుకో."

"కూర్చోడానికి రాలేదు. వదులూ చెయ్యను. ఏడాది నిండేదాకా మీ అమ్మ కోసం నలుపు కట్టాలి, కడతాను."

"విప్పమన్లేదు, వదులు చేసుకోమన్నా. నడుం దగ్గర బాగా లావెక్కావు కూడా. కుట్టేదాన్ని, నా కంటికి తెలుస్తుంది."

"ఏడుస్తూ తింటే అలాగే అవుతుంది. మాట మార్చకు. మార్కెట్టు గేటు దగ్గర మీ పోస్టరు చూశాను. చూసి, చేపల బుట్ట పక్కదానికి అప్పగించి, కట్టుబట్టలతో పరిగెత్తుకొచ్చా. పొగబెట్టిన చేపల్లో సగం ఈపాటికి అది అమ్ముకుని నా పేరు చెప్పి నవ్వుకుంటూ ఉంటుంది."

"పోస్టరు బాగుందా?"

"వీపు లేదు."

"పోస్టరుకా?"

"గౌనుకి. ఆరు గజాల బట్టలో ఈ పిల్ల వీపుకి జానెడు మిగల్లేదా?"

"ఇప్పుడు అదే పద్ధతి పెద్దమ్మా. అమ్మమ్మల బట్టలు, మనవరాళ్ల కుట్టు. నిన్నటిదాకా ఆ బట్టల మీది అచ్చులు ముసలివాళ్లవని మొహం తిప్పుకున్న పిల్లలే ఇవాళ దుకాణం ముందు వరస కడుతున్నారు."

"కట్టనీ. ఈ అచ్చు పేరేమిటో తెలుసా నీకు?"

"పొరుగింటి పొయ్యి."

"తెలుసన్నమాట. నీలం మీద పసుపు మంటలు. ఒక్క ఏడాదే వచ్చింది, మళ్లీ రాలేదు. పెళ్లిళ్లు కాకముందు నేనూ మీ అమ్మా ఒకే తాను కొన్నాం. బజారులో నిలబడే చెరి సగం చింపించుకున్నాం."

"ఈ కథ నాకు చిన్నప్పట్నుంచీ..."

"విను. ఆ రెండు సగాల్లో ఒకటి మీ అమ్మ శవపేటికలో, పాదాల కింద పెట్టి పంపించాం. చచ్చిపోయినవాళ్లకి కట్టుకోడానికి మంచిబట్ట లేకుండా పంపుతామా? నా చేత్తో పెట్టాను. తానుకి మూడో సగం ఉండదే బిరాగో."

"నకిలీలు బోలెడు వస్తున్నాయి పెద్దమ్మా. ఓడల్లో వస్తున్నాయి."

"నకిలీది వెనకవైపు వెలవెలబోతుంది. ఇది లోపలా బయటా ఒకేలా మండుతోంది. నాకా చెప్తున్నావు?"

"కొనాదూ, నువ్వెళ్లి బయట తెర పక్కన నిలబడు. కూర్చోకు, మడతలు పడతాయి."

"నేనేం వినలేదక్కా."

"వినకపోతే ఇంకా మంచిది. వెళ్లు."

"వెళ్లింది. ఇప్పుడు చెప్పు. శవపేటికలో పెట్టే బట్టకి తెల్లసంచి కుట్టమని నీకే ఇచ్చాను. కుట్టావు."

"కుట్టాను."

"నేను మడిచి ఇచ్చిన బట్ట అందులో పెట్టే కుట్టావా? నీ నోట్లో ఇప్పుడు సూదులు లేవు."

"కాగితం పెట్టాను."

"ఏం పెట్టావు?"

"కత్తిరించే ముందు కొలతలు గీసుకుంటామే, ఆ కాగితాలు. అమ్మవే. పదహారేళ్లప్పుడు మొదటిసారి అమ్మకి జాకెట్టు కుట్టినప్పట్నుంచీ దాచినవి. అంత బరువూ వచ్చేలా మడిచి పెట్టాను."

"నా చెల్లెలు అక్కడ కాగితం మీద కాళ్లు పెట్టుకుని పడుకుందా."

"పెద్దమ్మా, మెల్లగా."

"నేను ఆ సంచి ముద్దుపెట్టుకుని మరీ పెట్టాను. కాగితానికి ముద్దుపెట్టానా?"

"మెల్లగా. మామయ్య మొదటి వరసలో కూర్చున్నాడు."

"చూశాను. ఎవరు పిలిచారు ఆయన్ని?"

"ఇంటిపెద్ద. పిలవకపోతే తప్పు, పిలిస్తే ముప్పు. రాడులే అని కార్డు పంపాను. ఫ్యాషన్ అంటే ఆయనకి పడదుగా."

"చివర్లో జొలోఫ్ అన్నం, కోడికూర అని కార్డు మీద వేయించావు. అది పడుతుంది ఆయనకి. శవం దగ్గర బట్టలన్నీ తనే చూసి, 'ఇది దాని ప్రాణం, ఇది పాదాల కింద పెట్టండి' అన్నది ఆయనే. మరిచిపోయాడనుకుంటున్నావా?"

"మరిచిపోడు."

"చచ్చినదాని బట్ట దొంగిలించినదానికి ఏం చేస్తారో తెలుసుగా. గొర్రెలూ సారాబుడ్లూ జరిమానా కట్టి బయటపడే తప్పు కాదు. నీ పేరు ఇంట్లో ఎత్తనివ్వడు. రేపు నువ్వు పోతే ఏడవడానికి మనిషి రాడు."

"నా సంగతి వదిలెయ్. శవం బట్ట అని ఒక్కసారి ఆ హాల్లో వినపడితే ఈ గౌనే కాదు, మిగతావి కూడా ఎవరూ ముట్టుకోరు. వార్డులో రక్తం దాచే ఫ్రిజ్ ఇక రానట్టే. ఈ గౌను చూసే సగం జనం వచ్చారు."

"అంతా తెలిసి ఎందుకు చేశావే?"

"అమ్మ చెప్పింది."

"ఏమని?"

"నా బట్ట మట్టికివ్వకు, పిల్లలకివ్వు అని."

"మీ అమ్మా? నా కూతురి పెళ్లికి ఒక్క పూసలదండ అడిగితే, తెగితే పూసలు ఏరుకోలేనని ఇవ్వని మనిషి. ఆ మనిషి దానం చెయ్యమందా?"

"అంది."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"అనలేదు."

"అనలేదన్నమాట."

"మాటతో అనలేదు. ఆఖర్లో, తన వార్డులో ఉక్కపోస్తోందని పిల్లల వార్డు వరండాలోకి వచ్చి కూర్చునేది కదా. అక్కడొక పిల్ల. రక్తంలో కొడవలి కణాల జబ్బు. నొప్పితో గొంగళిపురుగులా ముడుచుకుపోయేది. రక్తం ఎక్కించాలి, ఫ్రిజ్ పాడైపోయి రక్తం నిలవుంచే వీల్లేదు, వేరే ఊరి నుంచి బండిలో రావాలి. అమ్మ చూసి చూసి, తన తలగుడ్డ విప్పి ఆ పిల్ల కాళ్లకి చుట్టింది."

"ఏ తలగుడ్డ?"

"ఊదారంగుది."

"అది నన్ను ముట్టుకోనిచ్చేది కాదు."

"నన్నూ ముట్టుకోనివ్వలేదు. ఇదేంటమ్మా అన్నా. 'దానికి చలేస్తోందే' అంది. అంతే అంది. ఇంకేం అనలేదు."

"రక్తం వచ్చిందా?"

"వచ్చింది. ఆలస్యంగా."

"ఆలస్యంగా అంటే?"

"తలగుడ్డ ఉతికి తిరిగి ఇచ్చేశారు పెద్దమ్మా."

"అయ్యో, పసిది."

"అమ్మ అది మళ్లీ కట్టుకోలేదు. దిండు కింద పెట్టుకుంది. తర్వాత వారానికే తనూ పోయింది. తెల్లసంచి కుట్టడానికి కూర్చున్నానా, ఒళ్లో ఆరు గజాలు, ఎర్రమట్టిలోకి పోతున్నాయి. నా చెయ్యి రాలేదు. రాలేదంతే."

"ఆ కత్తెర కింద పెట్టు."

"మనశ్శాంతిగా ఏమీ చెయ్యలేదు. ఇంటికి తీసుకెళ్లి మడత విప్పగానే గుప్పున చేపల పొగవాసన కొట్టింది. అమ్మ పెట్టెలో బట్టలకెప్పుడూ కలరా ఉండల వాసనే కదా. అమ్మకి కోపమొచ్చే వాసన మారిందనుకున్నా. రెండుసార్లు ఉతికాను."

"చావింట్లో అంతమందికి వంటలు. పొగవాసన కాక పూలవాసన వస్తుందా?"

"పెట్టెలోంచి అప్పుడే తీసిన బట్టకి కూడానా?"

"పెట్టె తాళం తీసింది నేను. నా చేతులెప్పుడూ అదే వాసన. ఎన్ని ప్రశ్నలేస్తావే, దొంగవి నువ్వా నేనా?"

"నేనే. అందుకే ఒక్క సాయం చెయ్యి పెద్దమ్మా. నీ సగం నీ దగ్గరుందిగా?"

"నా సంగతి నీకెందుకు?"

"మామయ్య అడిగితే ఇది నీదని చెప్పు. ఒకే తాను, ఒకే అచ్చు, తేడా ఎవరికి తెలుస్తుంది? 'నాదే, నేనే ఇచ్చా' అను. ఒక్క మాట."

"అన్నయ్యకి ఇంతవరకూ నేను అబద్ధం చెప్పలేదు."

"తెలుసు."

"చిన్నప్పుడు మీ అమ్మ చెప్పేది, దెబ్బలు నేను తినేదాన్ని. అయినా చెప్పలేదు."

"తెలుసు పెద్దమ్మా. అందుకే నువ్వంటే ఆయన నమ్ముతాడు."

"ఎంత తెలివే నీది. మీ అమ్మ తెలివి."

"అక్కా."

"కొనాదూ, లోపలికి రావద్దన్నానా?"

"మీ మామయ్యగారు నన్ను తెర పక్కన చూశారు. నా మొహం కాదు, గౌను చూశారు. చాలాసేపు చూశారు. చేతికర్ర తీసుకుని ఇటే వస్తున్నారు."

"పెద్దమ్మా."

"పిల్లా, నువ్వు వేదిక దగ్గరికి వెళ్లు. పిలవగానే ఎక్కు. తల దించకు, ఆ బట్ట తల దించి కట్టే బట్ట కాదు. బిరాగో, నువ్వు నా వెనకాల నిలబడు. నోట్లో ఆ సూదులు మళ్లీ పెట్టుకో. నీ నోరు మూసి ఉంచడానికి అదొక్కటే దారి."

"దూఫియే, ఇక్కడున్నావా నువ్వు?"

"ఉన్నానన్నయ్యా. తలుపు దగ్గరే ఆగు, ఇది ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది."

"ఆ పిల్ల ఒంటిమీద ఉన్నది మన చెల్లెలు న్యార్కోవా బట్ట కాదూ?"

"కాదు."

"నా కళ్లకి పొర వచ్చింది నిజమే, కానీ పొరుగింటి పొయ్యి పోల్చుకోలేనంత కాదు."

"పొరుగింటి పొయ్యే. తానులో నా సగం. నాది."

"నీదా? నువ్విచ్చావా?"

"ఇచ్చాను. ఇప్పుడే ఇచ్చాను."

"చేప తలకాయ కూడా ఊరికే ఇవ్వవు నువ్వు."

"చేపలు అమ్మడానికి. బట్ట ఇవ్వడానికి. పిల్లల వార్డుకి."

"మరి న్యార్కోవాది?"

"ఎక్కడుండాలో అక్కడుంది అన్నయ్యా."

"నా మొహం చూసి చెప్తున్నావుగా?"

"నీ పొర కమ్మిన కళ్లలోకే చూసి చెప్తున్నా."

"ఊఁ. నువ్వు చెప్తే సరే. వీపు మాత్రం బొత్తిగా లేదు దానికి."

"కళ్లు మూసుకో."

"మూసుకుంటే వేలంపాట ఎలా పాడతాను? మన ఇంటి బట్టని బయటివాడు ఎగరేసుకుపోతుంటే చూస్తూ కూర్చుంటానా? వేలం మొదలుపెట్టేది నేనే. ఈ మేనకోడలేంటి, మాట్లాడదు?"

"నోట్లో సూదులున్నాయి దానికి."

"మంచిది. ఎప్పుడూ ఉంచుకోమను."

"వెళ్లాడు. తలుపు గడియ పెట్టు."

"పెట్టాను. పెద్దమ్మా, నీ కాళ్లకి దణ్ణం పెట్టినా తీరదు. నా కోసం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీ చేత అబద్ధం..."

"లే. అబద్ధం ఆడానని ఎవరన్నారే?"

"ఇప్పుడే కదా, నాది అని..."

"ఆ రోజు నీకు మడిచి ఇచ్చింది నా సగమే. మీ అమ్మకి తోడుగా నాది పంపించాననుకున్నా. నీ కొలత కాగితాలు వెళ్తాయని నాకేం తెలుసు?"

"అమ్మది?"

"నడుం దగ్గర లావెక్కానన్నావుగా. ఈ నల్లబట్ట మడత కిందకి చెయ్యి పోనీ. మీ అమ్మ పోయిన రోజు నుంచీ ఇక్కడే ఉంది. ఊఁ, వంగి వాసన చూడు. కలరా ఉండలు."