ఎండగట్టు బాయవ్వ నడుము

ఊ కొట్టవా? కొట్టవు. నిన్నటిసంది గిదే తంతు. నేను కథ చెప్పుకుంట పోవుడు, నువ్వు గోడ లెక్క కూసునుడు. గోడ నయం అత్తమ్మా, గోడకు చెప్తె కనీసం మాటన్న తగిలి మళ్లొస్తది.

అబ్బో, అటు తిరుగుతున్నవా? తిరుగు, తిరుగు. మెడ మలగదాయె నీకు, అలగాల్నంటె ఎడ్లబండి మలిపినట్టు మనిషంత మలగాలె. గంత కష్టపడి అలుగుడు అవసరమా? నేనే లేసి ఇటు దిక్కొచ్చి కూసుంట గని.

ఇగో, వచ్చిన. మోకాలు ఇటియ్యి, నూనె రాస్త. కోడలితోని మాటలు బందువెట్టినా మోకాళ్ల నొప్పులైతె బందు గావు కదా.

సాయంత్రం లోపట ఆఖరు భాగం పంపాలె. దివాకర్ సారు పొద్దటిసంది ఒకటే ఫోన్లు. ఆయన తప్పేమున్నది? ఫోన్ల కథలేసే యాప్‌కు ఆయన ఎడిటరు. "రూపగారు, పాఠకులు ఎదురుచూస్తున్నారు" అంటడు. పాఠకులు తర్వాత సారూ, ముందుగాల మా అత్తమ్మ ఊ కొట్టాలె, ఆమె ఊ కొడితెనే నా కథ గడప దాటుతది, ఇప్పుడు ఆమె అలిగి కూసున్నది అని ఎట్ల చెప్పాలె? నవ్వుతడు. నేనైనా నవ్వుదును.

నీ ఊలన్ని నాకెరికే. కథ మంచిగ నడుస్తుంటె పొట్టి ఊ. భయమైతె గొంతులనే ఆగిపోయే ఊ. నిద్రొస్తె సాగదీసే ఊ, దాని తోకకు గురక. నేను అబద్ధం రాస్తె మాత్రం "ఊఁ...?" అని పైకి లేస్తది చూడు, గా ఊ ఇని ఎన్ని భాగాలు కొట్టేసి మల్ల రాయలే నేను! అసలు ఊ అన్నదే లేకపోవుడు మాత్రం గిదే మొదలు. పక్కింటి సుచరిత సుత అడిగింది, "మైసమ్మవ్వకు పానం మంచిగలేదా, గొంతు ఇనబడుతలేదు" అని. పానం మంచిగనే ఉన్నదమ్మా, పంతం జర ఎక్కువైంది అన్న.

చూసినవా, మూతి కదిలింది. నవ్వుతే ఏం పోతది?

చదువుకున్నదానివని నన్ను ఎక్కిరిస్తవు గని, ఏం చదివిన చెప్పు? పెండ్లికి ముందు కోస్గి లైబ్రరీల చదివిన, పెండ్లయి ఈ పాలమూరు కిరాయింటికి వచ్చినంక ఫోన్ల చదివిన. ముందుగాల ఆఖరు పేజీ చదివి, మంచిగుంటెనే మొదటికి పోతుంటి. పప్పు పొయ్యి మీద వెట్టి చదివిన, మాడవెట్టిన. మాడిన పప్పు మాటాడకుండ తిన్నవు, నీ కొడుకు విజేందర్‌కు చెప్పలే. గందుకే నీ మీద గింత ప్రేమ, ఏమనుకున్నవు?

చదివినయన్ని ఒకటే తీరు. మంచుకొండలు, ఎగిరే గుర్రాలు, పుట్టంగనే భుజం మీద మచ్చ ఉన్న పిల్లగాడు. మచ్చ ఉన్నందుకే వాడు రాజైతడు. మనోళ్లల్ల మచ్చలున్నోళ్లు ఎంతమంది లేరు? ఒక్కలన్న వార్డు మెంబరైన్రా?

నేను సుత మొదట్ల మంచే పెట్టిన. మంచు నేను చూసింది ఫ్రిజ్ లోపట. యువరాజు సైన్యంతోని బయలెల్లిండని నేను గొంతు పెంచి చెప్తుంటె, నువ్వు ఊ ఆపి, "గంత సలి పెడుతుంటె పొద్దుగాల చెంబు వట్టుకొని యాడికి పోతరే వాళ్లు?" అన్నవు. సైన్యం ఆడనే ఆగిపాయె. రెక్కల గుర్రాలు ఎగురుతుంటె, "కింద నడిచేటోళ్ల నెత్తిన లద్దె వడదా?" అన్నవు. ఇగ ఆ రాజ్యంల రుమాలు లేకుండ బయట తిరిగినోడు లేడు.

గట్ల మంచు కరిగిపోయి ఎండగట్టు రాజ్యం పుట్టింది. గుట్టలు, కంది చేన్లు, రాజ్యమంతటికి ఒక్కటే బాయి, బాయి కాడ బాయవ్వ. ఆమె మంత్రమేస్తెనే నీళ్లు పైకొస్తయి. కాని ఎండగట్టుల మాయకు కూలి ఇయ్యాలె, ఫుకట్ల ఏదీ రాదు. మబ్బును పిలిచినోని చెవులు పోతయి. పాము విషం దించినామె తన పేరే మర్సిపోతది. బాయవ్వ చేదిన బొక్కెన బొక్కెనకు ఆమె నడుము ఇంతంత వంగుతది. రాజ్యం తాగుతది, ఆమె వంగుతది. గా నియమం పెట్టింది నేనే. మాయ చేసినోళ్లు బదులేమిచ్చిన్రో చెప్పని కథ నాకు ఉప్పు లేని కూర.

బాయవ్వ ఎవలని నువ్వు అడగలే, నేను చెప్పలే. ఆమె వచ్చినప్పుడు మాత్రం నీ ఊ జర గట్టిగ వచ్చేది. "మా బాయవ్వ ఇయ్యాల రాజును మస్తు తిట్టింది" అని సుచరితకు చెప్పినవట. మా బాయవ్వనట! రాసేది నేను, పేరు నీదా?

ఇగ నిన్నటి ముచ్చట. నువ్వు చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నవు. నేను సంబురంగ చదువుతున్న. బాయి ఉప్పొంగింది, నీళ్లు గట్టు దాటి చేన్లల్లకు ఉరికినయి, బాయవ్వ మెల్లగ, మెల్లగ నడుమెత్తి ఆకాశం దిక్కు చూసింది. చదివి నీ దిక్కు చూసిన. శాబాష్ అంటవనుకున్న. కండ్లు తుడుసుకుంటవనుకున్న.

"మరి కూలి ఎవలిచ్చిన్రు?" అన్నవు.

గంతే. మల్ల చిక్కుడుకాయ అందుకున్నవు, ఇగ నోరు తెరవలే.

నేను నిన్నంత జవాబు ఎతికిన అత్తమ్మా. రాజు ఇచ్చిండని రాద్దామనుకున్న, రాజులు ఎన్నడన్న ఇచ్చిన్రా? దేవుడు ఇచ్చిండంటె, మనకు ముందుగాల ఎందుకియ్యలే అని నువ్వే అడుగుతవు. ఆఖరికి బాయి కాడ ఆడుకునే ఒక పోరిని పెట్టిన. ముసలామె నడుము లేస్తది, పోరి నడుము వంగుతది. నియమం తప్పకుండ సక్కగ కుదిరింది. పోరికి శ్రీవాణి అని పేరు సుత పెట్టిన. పేరు పెట్టినంక ఇగ చెయ్యి ఆడలే, పోరిని కొట్టేసిన.

కాలు జర సాపు. రాదా? సరే, వచ్చినంతనే.

తెలంగాణ వచ్చినంక మీ ఊరు మర్రిగూడకు సుత కృష్ణ నీళ్లు వచ్చినయి. ఇప్పుడు పుట్టిన పోరగాండ్ల పండ్లు తెల్లగ మెరుస్తున్నయి, మంచిదే. నీ నడుముకు మాత్రం ఆ ముచ్చట ఎవలు చెప్పలే. అది ఇంకా ఫ్లోరైడ్ నీళ్ల బోరింగు కాడనే వంగి ఉన్నది. దవాఖానకు తీస్కపోతె, "ఇది వచ్చుడే గని పోవుడు లేదమ్మా" అన్నడు డాక్టరు. నువ్వు బస్సుల నవ్వినవు, "గీ మాట ఫోన్ల చెప్తె కాకపోవునా, కిరాయన్న మిగులుతుండె" అని. నేను కిటికీ దిక్కు తిరిగి కూసున్న.

గందుకే రాసిన. దివాకర్ సారు అడిగిండని రాసిన అనుకుంటున్నవు కదా? ఆయన సుత అడిగిండు నిజమే, "బాయవ్వ నడుము సక్కగ కావాలి, చదివేవాళ్లు ఏడవాలి" అని. కాని ఆయన అడగకముందే నేను రాసి పెట్టుకున్న. నీకు సంబురమైతదని సుత కాదు. నాకు యాష్టకొచ్చింది అత్తమ్మా. పొద్దున లేస్తె నిన్ను లేపుడు, ఈపు కింద మెత్తలు పేర్చుడు, నీ మొకం చూడాల్నంటె నేను నేల మీద కూసునుడు... ఆగు, మల్ల తిరగకు. నీ మీద కాదు యాష్ట. దూపైతె నీళ్లు తాగినవు, ఇంకేం చేసినవు నువ్వు? నీళ్లు తాగినందుకు గింత కూలా?

ఎండగట్టు నాది. బాయి నాది, మంత్రం నాది, రాజు నేను చెప్పినట్టు ఇంటడు. ఆడన్న ఒక్కటి, ఒకే ఒక్క నడుము ఫుకట్ల లేవాల్నని రాసుకున్న. తప్పని తెలిసే రాసిన.

కథ చెడిపోయింది. నువ్వు చెప్పకున్నా నాకెరికే. నియమం పెట్టినామెనే నియమం దాటితె ఇగ ఎండగట్టు ఏంది, అన్ని రాజ్యాల లెక్కనే అదొకటి. పొద్దుగాల మల్ల వంచుదామని కూసున్న, నమ్ముతవా? బాయవ్వ నడుమెత్తిన గా ఒక్క ముక్క మీద వేలు పెట్టిన. అప్పుడే లేసి ఆకాశం చూస్తున్న మనిషిని నా వేలితోని కిందికి నొక్కాలె. ఆ బోరింగు ఏండ్లకేండ్లు చేసిన పని నేను ఒక్క గడియల చెయ్యాలె.

నాతోని కాలే.

పంపిన, అత్తమ్మా. సాయంత్రం దాక టైమున్నదని నీకు ఊరికెనే చెప్పిన. నీ దగ్గరికి వచ్చేముందే పంపిన. ఇప్పుడు నువ్వు ఊ అన్నా ఒకటే, అనకున్నా ఒకటే, ఇగ మారదు. చదివినోళ్లు ఏడుస్తరు, మస్తుగున్నదంటరు, దివాకర్ సారు ఇంకో కథ అడుగుతడు. అది చెడిన కథ అని ఎరికున్నది నీకు, నాకు. మిగిలినోళ్లందరికి బాయవ్వ ఎండల నిటారుగ నడుసుకుంట పోతాంది.

పోనీ తియ్.