మూల మిషన్

హలో… ఆ… నేనేనయ్యా, చెప్పు తమ్ముడూ. ఇంకెక్కడుంటాను, డయాలిసిస్ గది బయట బెంచీ మీదే. మీ బావకి ఇందాకే సూదులు పెట్టి మిషన్‌కి తగిలించారు… ఆఁ, నీ కుర్చీలోనే. పొద్దున నువ్వు దిగావు, మధ్యాహ్నం ఆయన ఎక్కాడు. వారానికి మూడుసార్లు ఉండే భాగోతమేగా…

ఏంటి, గొంతు పీలగా వస్తోంది? గదంతా నిన్ను హారన్ అంటుంది, ఇవాళ హారన్‌కి ఏమొచ్చింది? … బాత్రూమ్‌లోంచా? … మరదలు వినకూడదా? అంత ఘనకార్యం ఏం చేశావయ్యా…

… నీళ్లు నమలకు. చెప్పేదేదో చెప్పెయ్.

…

ఏమన్నావ్?

…

ఎవరు చెప్పారు? … కిడ్నీ మార్పిడికని టెస్టులు చేయించుకోడానికి వెళ్లావే, ఆ పెద్దాసుపత్రి వాళ్లా? … ఆ. … హెపటైటిస్ సి. … వినపడిందయ్యా, మళ్లీ చెప్పక్కర్లేదు.

… ఉన్నా. లైన్లోనే ఉన్నా.

—

ఎప్పుడు తెలిసింది? … పోయిన వారమా? పోయిన వారం తెలిస్తే, ఈ వారమంతా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, దులుపుకుని వెళ్లావా? ఈ పొద్దున కూడా! బాగున్నావా తమ్ముడూ అని నేనడిగితే, బాగున్నానక్కా అని పళ్లికిలించావా? … నీ తర్వాత ఆ కుర్చీ ఎక్కేది ఎవరో నీకు తెలియదా? … తగ్గించను గొంతు. … సరే, సరే, మెట్ల దగ్గరికి వెళ్తున్నా. ఉండు.

…

ఆ, ఇప్పుడు చెప్పు. … ఏడవకు. … ఏడవకయ్యా బాబూ, నువ్వేడిస్తే నాకు జాలి రాదు, కోపమొస్తుంది. … ఎవరికీ చెప్పొద్దా? ఆ ముక్క కోసమా ఫోన్ చేశావు? మరి నాకెందుకు చెప్పావ్? నాకూ చెప్పకుండా కూర్చోవాల్సింది. … ఆఁ. … బావ మొహం చూడలేకపోయావు. బాగుంది. నీ గుండెల మీద బరువు దించి నా గుండెల మీద పెట్టావు, పైగా నా నోటికి తాళం కూడా వెయ్యమంటున్నావు.

నీ భయమేంటో నాకు తెలీదనుకోకు. మూల మిషన్. అంతేగా? … పాజిటివ్ వచ్చినవాళ్లకి ఈ గదిలో ఉన్నది ఆ మూలనున్న ఒక్క మిషన్. దాని మీద చోటు లేదు. నీ సంగతి పైకొచ్చిందంటే, ఇక్కడ ఖాళీ లేదు ఇంకోచోట చూసుకో అంటారు. ఆ ఇంకోచోటు దొరికేలోగా ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక… … తెలుసయ్యా. పాజిటివ్ అని ఇక్కణ్ణుంచి పంపేసిన దర్జీ బాబాయిని మర్చిపోయాననుకున్నావా?

… ఆయనకి ఎవరూ లేరని లివర్ డాక్టరు దగ్గరికి వెంట తిరిగింది నేనే. పాపం, బిళ్లలు ఒక్క పూట మానలేదు. నయమైంది. నీ రక్తంలో వైరస్ లేదు పొమ్మన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని పెళ్లికొడుకులా వచ్చాడు, నా కుర్చీ నాకిమ్మని. వీళ్లేం చేశారు? మళ్లీ ఆ మొదటి టెస్టే చేశారు. అది బతికున్నంత కాలం పాజిటివే చూపిస్తుంది. వైరస్ ఎప్పుడో ఒంట్లో దూరింది, ఒళ్లు దానితో కలబడింది అని చెప్పే గుర్తు అది. పుండు మానినా మచ్చ ఉంటుందా లేదా? వీళ్లు మచ్చని చూసి పుండు అన్నారు. రెండో టెస్టు చెయ్యండి, వైరస్ ఉందో లేదో అదే చెప్తుంది అని నేను అరిచి అరిచి చచ్చాను. నీకెందుకమ్మా, నీ మొగుడు బాగానే ఉన్నాడుగా అన్నారు. … ఆఁ, ఎక్కడో దూరాన ఇంకో మిషన్ దొరికింది. రెండు బస్సులు మారి పోయేవాడు. వాన పట్టుకున్న రోజు పోలేకపోయాడు. ఆ తర్వాత కూడా… … నీకు తెలియదా! శవాన్ని నీ వ్యాన్‌లోనే కదా తెచ్చావు.

… ఊఁ.

… అందుకే చెప్పనంటావు. అవున్లే. నేనైనా అలాగే అనుకుంటానేమో.

అది సరే, నీకు ఎన్ని టెస్టులు చేశారు? … రెండూ చేశారా. మొదటిది పాజిటివ్. … రెండోది? … లక్షల్లో ఉందా. … లక్షలంటే చావు గుమ్మంలోకి వచ్చినట్టు కాదయ్యా! నీకెవరు చెప్పారలాగని? … కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లా? ఆ పిల్లకేం తెలుసు, కాగితం ఇచ్చి పంపడం తప్ప. ఆ అంకె రక్తంలో వైరస్ ఎంతుందో చెప్తుంది. లివర్ ఎంత పాడైందో చెప్పదు. దానికి వేరే స్కాన్ ఉంటుంది. … చేశారా? ఏమన్నారు? … కొంచెం గట్టిపడింది. … కొంచెమేనా? డాక్టరు నోటితో అన్నాడా, నువ్వు అనుకుంటున్నావా? … ఊఁ. … నీకు అబద్ధం చెప్పను తమ్ముడూ. వైరస్ పోవచ్చు, కానీ గట్టిపడ్డ లివర్ మళ్లీ మునుపటిలా అవుతుందని నీకు ఎవరూ రాసివ్వరు. ఇక్కడితో ఆపుకోవడమే నీ చేతుల్లో ఉంది. బిళ్లలు ఇచ్చారా?

… ఇచ్చినా మింగట్లేదా?

ఎందుకని? … వ్యాన్ సీటు కింద దాచావా! బిళ్లలు దాచుకునే వస్తువా అది? … ఆమె చూస్తే అడుగుతుంది. అడగనీ! … ఏమని అడుగుతుంది? … ఎక్కడ తగిలించుకొచ్చావు, ఎవత్తె దగ్గరికి పోయావు అంటుందా. … ఓహో. చచ్చినా ఫర్వాలేదు గానీ ఆ మాట పడలేవు.

… ఏంటీ? … పాపనా? … తోసేశావా? ఒళ్లోకి ఎక్కుతుంటే తోసేశావా? … నీ కంచం, నీ గ్లాసు వేరే పెట్టుకుని, వ్యాన్‌లో పడుకుంటున్నావా. జలుబని చెప్పావు. వారం రోజుల జలుబు! ఆ పిల్లకి ఎలా ఉంటుందో… … విను. విను ముందు. ఒళ్లో కూర్చుంటే రాదు. ముద్దు పెట్టుకుంటే రాదు. ఒకే కంచంలో తిన్నా రాదు, దగ్గినా రాదు. ఇది రక్తంలోంచి రక్తంలోకి పోయేది. నీ రేజరు, నీ బ్రష్షు, గోళ్లు తీసేది ఎవర్నీ ముట్టనివ్వకు, దెబ్బ తగిలితే కట్టు కట్టుకో. మరదలికి ఒక్కసారి టెస్టు చేయించు. అంతే. పోయి ఆ పిల్లని ఎత్తుకో.

… ఎలా వచ్చిందా? ఇంకా అడుగుతున్నావా? నీ చేతికి వచ్చినప్పుడల్లా ఏం జరుగుతుందో చూడట్లేదా నువ్వు?

సీసా. రక్తం గడ్డకట్టకుండా వేస్తారే, ఆ మందు సీసా. పెద్దది ఒకటి ట్రేలో పెట్టుకుని ఈ కుర్చీ నుంచి ఆ కుర్చీకి తిరుగుతాడా లేదా మన టెక్నీషియన్ గడ్డం బాబు? మధ్యలో నీకింకాస్త వెయ్యాలంటే, నీ గొట్టానికి గుచ్చిన సిరంజినే మళ్లీ అదే సీసాలో గుచ్చి తీస్తాడా లేదా? ఆ సీసాతోనే పక్క కుర్చీకి పోతాడా లేదా? గ్లవ్స్ మార్చడం ఎప్పుడైనా చూశావా? … వాడేమీ రాక్షసుడు కాదు. అంతమంది మిషన్లు ఒక్కడి నెత్తిన పడేశారు. గ్లవ్స్ మార్చుకుంటూ కూర్చుంటే ఎవడిదో ఒకడిది అలారం మోగుతుంది. మూల మిషన్ మాత్రం ఎర్ర స్టిక్కరు వేసి పక్కన పెట్టారు. జబ్బు మూలన ఉందట, అక్కడే కట్టేశారట! ట్రేలో కూర్చుని గదంతా ఊరేగుతోంటే కనిపించదు.

… అవునయ్యా. ఇక్కడ చేరినప్పుడు నీకు లేదు కదా? టెస్టు చేసే చేర్చుకున్నారు. మరదలికి అదే చెప్పు. నేను చెప్పానని చెప్పు. కావాలంటే నేనే వచ్చి చెప్తా. నువ్వు ఎక్కడికీ పోలేదు, ఎవరి దగ్గర్నుంచీ తెచ్చుకోలేదు. బతకడానికి వచ్చిన చోటే నీకు అంటించారు.

… అలా అనకు. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో చెప్పనా? బిళ్లలు మింగుతావు. మూడు నెలలు. డయాలిసిస్ మీదున్న మనవాళ్లకి కూడా పనికొచ్చేవే అవి. నీరసం, తలనొప్పి, నిద్ర పట్టదు, తట్టుకుంటావు. నువ్వు గ్యాస్‌కి వేసుకునే బిళ్ల సంగతి మాత్రం డాక్టరుకి చెప్పు, దీనికీ దానికీ పడకపోవచ్చు. నయమవుతుంది. తర్వాత? మళ్లీ వచ్చి అదే సీసా ముందు చెయ్యి చాపుతావు. ఒకసారి నయమైతే మళ్లీ రాదనేం లేదు. నీళ్లకుండకి చిల్లు పెట్టుకుని పోస్తూ కూర్చున్నట్టు.

… మీ బావకా? పోయినసారి టెస్టులో ఏమీ లేదు. ఈసారిది ఇంకా చెయ్యలేదు. … చెప్పకు. సారీ చెప్పకు. ఆ మాట ఇప్పుడు నాకు వద్దు. … భయమా? నాకు లేదంటావా? మెట్ల మీద చతికిలబడి మాట్లాడుతున్నా.

ఏం చేద్దామా? చెప్తా విను. ఒక్కడివి వెళ్లి చెప్తే నిన్ను గెంటేస్తారు, నిజమే. అందుకే అందరికీ టెస్టు చెయ్యమందాం. పొద్దున వచ్చేవాళ్లు, మధ్యాహ్నం వచ్చేవాళ్లు, అందరికీ, ఒకేసారి, రెండు టెస్టులూ. ఎంతమందికి ఉందో బయటపడనీ. ఒకణ్ణి మూలన తోస్తారు. గదిలో సగంమందిని ఏ మూలన తోస్తారు? అప్పుడు మిషన్ అన్నా తేవాలి, సీసా అన్నా మార్చాలి. … ఊరికే నేనంటే వింటారా? ఎన్నాళ్లుగా అంటున్నా! నోరున్న ఆడది, దీనికి పనేముంది అంటారు. ఈ గదిలోనే అంటుకుందని నోరు తెరిచి చెప్పే మనిషి ఒకడు కావాలి. … నువ్వే. ఇంకెవరున్నారు?

… నీ పేరు నా నోటి నుంచి రాదు. మాటంటే మాటే. చెప్తే నువ్వే చెప్పాలి. … రేపా? రేపటికి నీకు వంద ఆలోచనలొస్తాయి. … ఎల్లుండి అంటావు తర్వాత.

… ఆగు. ఆగాగు. తలుపు అద్దంలోంచి కనిపిస్తోంది… గడ్డం బాబు ట్రే పట్టుకుని మా ఆయన వైపే వస్తున్నాడు. … ఫోన్ పెట్టకు. పెట్టావంటే చూడు! … నడుస్తున్నా. చెప్తావా? స్పీకర్ పెడితే చెప్తావా? … గట్టిగా చెప్పు. … చెప్తావు కదా? … సరేనన్నావు. విన్నాను నేను. ఉండు.

…

ఇదిగో బాబూ, ఆగు. … చెప్పులతోనే వచ్చాను, తర్వాత తిట్టుకో. ఆ సీసా ఎవరెవరికి వాడావు? … అందరికీ. … ఆ సిరంజి ఇందాక పక్క కుర్చీ ఆయనకి వేసిందేనా? గ్లవ్స్? … మా ఆయన గొట్టం మీంచి చెయ్యి తియ్యి. … తియ్యమంటున్నా! పెద్ద సిస్టర్‌ని పిలువు.

… నేను అరవట్లేదు సిస్టర్, నా గొంతే అంత. … ఎందుకంటే, ఈ గదిలో ఇంకొకరికి హెపటైటిస్ సి ఉంది. మూల మిషన్ వాళ్లు కాదు. ఈ కుర్చీల్లోవాళ్లే. … నాకు పిచ్చేం పట్టలేదు. … ఎవరో ఆయనే చెప్తాడు. లైన్లోనే ఉన్నాడు. రెండు టెస్టులూ చేయించుకున్నాడు.

తమ్ముడూ, స్పీకర్‌లో పెట్టాను. చెప్పు.

…

తమ్ముడూ. అందరూ వింటున్నారు. పేరు చెప్పొద్దులే పోనీ, ఇక్కడే అంటుకుందని చెప్పు. ఒక్క మాట.

…

హలో?

… హలో… తమ్ముడూ…?

—

కట్ చేశాడు. … లేదు సిస్టర్, మళ్లీ చెయ్యను. … ఏ నంబరూ ఇవ్వను. … కట్టుకథా? సరే, పేరు లేకపోతే మీరు ఏదీ నమ్మరు. పేరే కావాలి కదా.

మా ఆయన పేరు రాసుకోండి.

… ఆఁ, ఈయనదే. ఈయనకి ఉందని నేను చెప్తున్నా. లేదని తేలేదాకా ఉన్నట్టే. మూలకి తోస్తారో, బయటికి తోస్తారో తోసుకోండి. … ఏమండీ, మీరలా చూడకండి. లేవకండి, సూదులు కదుల్తాయి. … ఆయన్నేం అడుగుతారు, నేను చెప్తున్నాగా, రాయండి. రాసి, అందరికీ రెండు టెస్టులూ చేయించండి. ముందు ఆ సీసా కింద పెట్టించండి.