హాల్వర్ పడవలోకి నీళ్లొచ్చిన రోజు

ఆ కొమ్ముల టోపీ ఎవరు కొనిచ్చారే విద్యా, స్కూల్లో వైకింగుల నాటకమా? మా పక్కింటి హాల్వర్ చూసుంటే పీకి పారేసేవాడు. "కొమ్ములు ఆవులకుంటాయి, మావాళ్లకి కాదు" అని ఒకటే గొణుగుడు. వైకింగులనే ఆ పాతకాలం నావికుల దేశం నార్వే మనిషిలే, ముసలి వడ్రంగి. మేం కీపోర్ట్‌లో ఇల్లు కొనేసరికే వాళ్లావిడ పోయింది. బ్యాక్‌యార్డ్‌లో అచ్చం వైకింగుల పడవలాంటిదే కట్టుకుంటున్నాడు, చెక్క పలక అంచు మీద ఇంకో పలక ఎక్కించి, ఇనప మేకులు దిగ్గొట్టి.

మా ఆయన, అదే, మీ దైవాశీర్వాదం అంకుల్, ఆయనది దివిసీమ. డెబ్భై ఏడు ఉప్పెనలో వాళ్లమ్మ కొట్టుకుపోయింది. మేమేమో ఇక్కడ, ఈ పరాయి దేశంలో ఉన్నాం. శవం కూడా దొరకలేదు. ఈయన ఏడవలేదు, ఆ మాటే ఎత్తలేదు. నీళ్లంటే మాత్రం పడేది కాదు. బ్రిడ్జి ఎక్కాల్సొస్తే ఊరంతా చుట్టి డ్రైవ్ చేసేవారు. అలాంటి మనిషిని హాల్వర్ సాయం పిలిచాడు. తను పడవ లోపల కూర్చుని మేకు మొన మడుస్తాడు, బయట మేకు తల మీద ఇనప దిమ్మ ఆనించి ఎవరో ఒకరు పట్టుకోవాలి. అంతకుముందు వాళ్లావిడ పట్టుకునేదట. పాపం కాదనలేక వెళ్లారు. ఇక శనివారమొస్తే అక్కడే. మధ్యలో చెక్క, ఒకరి మొహం ఒకరికి కనపడదు చూడూ, అందుకేనేమో, ఒకరోజు అమ్మ సంగతి చెప్పేశారట. సుత్తి చప్పుడు ఆగిపోయిందట. లోపల్నుంచి, "మా నాన్నని, అన్నని కూడా సముద్రమే తీసుకుంది. అందుకే గట్టిగా కడుతున్నా" అన్నాడట.

ఎనభై నాలుగు ఎండాకాలంలో పడవని మా ఊరి సముద్రపు బే‌లోకి దింపారు. మా ఆయన బూట్లేసుకుని ఒడ్డునే నిలబడ్డారు. హాల్వర్ ఒక్కడే కాస్త లోపలికి వెళ్లాడో లేదో, పలకల సందుల్లోంచి నీళ్లు ఊరడం మొదలెట్టాయి. కొత్త చెక్క అంతేనట, తడిసి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయట. మాకేం తెలుసు? ముసలాయన బకెట్‌తో తోడుతుంటే చూసి, మా ఆయన బూట్లతోనే దిగిపోయారమ్మా. నడుం దాకా నీళ్లు. పడవెక్కి బకెట్ లాక్కుని తోడుతూ, తోడుతూ, "అమ్మా" అని ఒక్కసారిగా ఏడ్చేశారు. ఒడ్డున నాకు వినపడింది. ఏడేళ్లకి! హాల్వర్ అటు తిరిగి, తన టోపీతో నీళ్లు తోడుతూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి మనిషి తేలికపడ్డారు. మా అబ్బాయి దేవకుమార్‌కి ఈత నేర్పింది మా ఆయనే. హాల్వర్ పోయి ఎన్నేళ్లయిందో, నా ప్రార్థనలో ఆ పేరు లేని రోజు లేదు. ఆ ముసలాయనే లేకపోతే మా ఆయన...

సరే గానీ, మీ అమ్మ ఎన్నింటికి వస్తానంది?