చెట్టుకు కొట్టిన బిళ్ల

పెరూ అడవుల్లో తాంబోపాతా నది ఒడ్డున, అంకె పడిన చెట్టు ఏడాది తిరగకుండా రంపం పాలవుతుందని అందరి నమ్మకం. తాను కాయలేరుకునే కాస్తాన్యా అనే బ్రెజిల్ గింజల చెట్టు నుంచి పీకిన, అంకె ఉన్న అల్యూమినియం బిళ్లను ఒక ముసలామె, అడవి పరిశోధన కేంద్రంలో పనిచేసే మేనల్లుడి ముందు పడేసింది.

"నా చెట్టునే అమ్మేశార్రా?"

"అమ్మడమేంటత్తా! ఏటా దాని చుట్టుకొలత రాసుకోడానికి గుర్తది."

"కలపోళ్లూ కొలిచేగా నరికేది?"

"మేం కొలిచేది ఎంత పెరిగిందో చూడ్డానికే."

ఆమెకు అయోమయంగా ఉంది. కలపోళ్ల చేతుల్లోనూ, వీళ్ల చేతుల్లోనూ టేపే ఉంటుంది.

"మరి నిన్నటిదాకా ఇది లేదేం?"

"ఉంది. నువ్వు చెట్టుకు అల్లుకున్న తీగలు కొట్టేసరికి బయటపడింది. వెనకవైపు తేదీ చదువు."

ఆమె మట్టి తుడిచి చదివింది. ఆ బిళ్ల కొట్టి ఇరవై రెండేళ్లయింది.